మూలబడిన చట్టములు: ఒక సంవాదము

కాలము చెల్లిన చట్టములను ఏరివేయవలెనని ప్రభుత్వములు తలపెట్టినప్పుడెల్ల జనులలో రెండు విధముల అభిప్రాయములు పొడసూపుచుండును. పాతదెల్ల తొలగినగాని పరిపాలన సుగమము కాదని కొందరును, ఎవరి జోలికిని పోక మూలబడియున్నదానిని కదలించుట యెందులకని కొందరును తలంతురు. ఈ రెండు పక్షములను, చట్టములతోనే జీవితము గడపిన యిరువురు పెద్దలు వాదించుచుండగా వినిన పిమ్మట, ఆ ప్రసంగమును సాధ్యమైనంతవరకు వారి మాటలలోనే యిచ్చట పొందుపరచుచున్నాను. ఒకరు హైదరాబాదు హైకోర్టులో బహుకాలము వకాలతు చేసినవారు. రెండవవారు ఆదిలాబాదు, వరంగల్లు ప్రాంతములలో తహశీల్దారుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. వారి పేర్లతో పాఠకులకు ప్రయోజనము లేదు గనుక వకీలనియు, తహశీల్దారనియు వ్యవహరించెదను.

తహశీల్దారు: వకీలుగారూ, 2014 మొదలుకొని కేంద్రప్రభుత్వము 1,500కు పైగా చట్టములను రద్దుచేసినదని విని మీరు సంతోషించుచున్నారు. నాకు మాత్రము ఆ లెక్కలో సంతోషింపదగినదేమియు కనబడలేదు. అందులో 758 చట్టములు 2016లో ఒక్క కలముపోటుతో పోయినవి. అవన్నియు ద్రవ్యవినియోగ చట్టములు. ఫలానా సంవత్సరమున ఖజానానుండి యింత సొమ్ము తీసి ఖర్చుపెట్టుకొనవచ్చునని పార్లమెంటు ఇచ్చు అనుమతియే ఆ చట్టము; మార్చి 31తో దాని పని ముగియును. ఆ పిమ్మట అది యెవరిని పీడింపజాలదు, ఎవరిని కాపాడజాలదు. మిగిలినవానిలోను పెక్కు సవరణ చట్టములే. సవరణ మూలచట్టమునందు కలిసిపోయిన తరువాత సవరణ చట్టమును తీసివేసినను ఆ మార్పు నిలిచియే యుండునని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము 6ఏ సెక్షను చెప్పుచున్నది గదా! ఉన్నను లేకున్నను ఒక్కటియే అయినవానిని తొలగించి మహాకార్యము సాధించితిమని చాటుకొనుట నాకు రుచింపదు.

వకీలు: లెక్క విషయమున మీతో నాకు పేచీ లేదు. 1998లో పి.సి. జైన్ అధ్యక్షతన కూర్చున్న సంఘము 1,382 చట్టములను రద్దుచేయవచ్చునని చెప్పినప్పుడును, 2014లో రామానుజం సంఘము 1,741 చట్టములను చూపినప్పుడును, ఆ సంఖ్యలో సగమునకు పైగా కాగితపు బరువేనని న్యాయవాదులమైన మాకును తెలియును. అయితే ఏ జాబితాకును ఎక్కని ఒక్క చట్టమును గూర్చి చెప్పెదను, ఓపికతో వినుడు.

నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, హిజ్రాలను గూర్చి యొక చట్టము పుట్టినది. బ్రిటిషు ఇండియాలో 1871 నాటి నేరస్థజాతుల చట్టమున రెండవ భాగము హిజ్రాలకు సంబంధించినది. దానినే ఒరవడిగా పెట్టుకొని యిచ్చటివారు దీనిని వ్రాసికొనిరి. బ్రిటిషువారు 1911లో ఆ చట్టమును తిరుగవ్రాసినప్పుడు హిజ్రాల భాగమును విడిచిపెట్టిరి. వారు విడిచిన యెనిమిదేండ్లకు మనవారు దానిని తలకెత్తుకొనిరి! ఆ చట్టము ప్రకారము నగరమున నివసించు హిజ్రాలలో అనుమానమునకు పాత్రులైనవారి పేర్లు, వారు కాపురముండు తావులు ఒక రిజిష్టరులో ఎక్కింపవలెను. రిజిష్టరుకెక్కిన మనిషి ఆడవేషమున నగలు పెట్టుకొని వీథిలో కనబడినను, నలుగురు తిరుగుచోట ఆడినను పాడినను, వారంటు లేకుండ పట్టుకొని రెండేండ్లవరకు చెరసాలలో ఉంచవచ్చును. దొంగతనమో దొమ్మీయో చేసినందులకు గాదు సుమండీ. కట్టుకొన్న చీరకును, పాడిన పాటకును!

నిజాము ప్రభుత్వము గతించెను. 1956లో హైదరాబాదు రాష్ట్రములోని తెలంగాణ ప్రాంతము ఆంధ్రప్రదేశమున కలిసెను. 2014లో తెలంగాణ వేరుపడెను. ఏలుబడి మారినప్పుడెల్ల ఆ చట్టము శీర్షికలో రాష్ట్రము పేరు మారినదే గాని, లోపల అక్షరమైనను కదలలేదు. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన పాత చట్టములు ఆ మేరకు చెల్లవని రాజ్యాంగము 13వ అధికరణమున శాసించి యుండెను గనుక, న్యాయముగా చూచినచో 1950 జనవరి 26 నాడే అది చెల్లనిదై పోవలసినది. కాని చెల్లదని పలుకుటకు ఎవరో యొకరు న్యాయస్థానము తలుపు తట్టవలెను గదా! 2018లో దాఖలైన వ్యాజ్యమున, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ధర్మాసనము ఆ చట్టమును కొట్టివేసి, ఆసరా పింఛనులను వారికిని వర్తింపజేయవలెనని ఆదేశించినది. నడుమ గడచినవి 73 సంవత్సరములు. స్వతంత్రభారతమున ఒక్క శాసనసభకైనను ఆ పుట తెరచి చూచుటకు తీరిక దొరకలేదు!

తహశీల్దారు: ఆ చట్టమును సమర్థించు మనిషి యెవడుండును? అది పోవుట మంచిదే. కాని నా ప్రశ్న వేరు. నా ఉద్యోగకాలమున ఏ ఠాణాలోను అట్టి రిజిష్టరును నేను చూచి యెరుగను. వాడుక తప్పిన చట్టము చచ్చిన పామువంటిది; దానిని మరల చంపుటకు కమిటీలు, నివేదికలు, బిల్లులు ఎందులకు? దీర్ఘకాలము వాడబడక, దానికి విరుద్ధమైన ఆచారము స్థిరపడినచో చట్టము దానంతట అదే నిర్జీవమగునని సుప్రీంకోర్టు పూనా మునిసిపల్ కార్పొరేషనుకు, భారత్ ఫోర్జ్ కంపెనీకి నడిచిన వ్యాజ్యమున 1995లో అంగీకరించినదని మీరే యొకప్పుడు నాకు చెప్పితిరి.

వకీలు: చెప్పితిని, కాని ఆ సూత్రము ఎవరి వ్యాజ్యమున వెలువడినదో గమనింపుడు. సుప్రీంకోర్టువరకు వ్యాజ్యము నడపగల కంపెనీకిని కార్పొరేషనుకును పన్నును గూర్చి నడిచిన వాదమది. అర్ధరాత్రి బస్టాండులో కానిస్టేబులు అదిలించిన మనిషి, ఈ సెక్షను దీర్ఘకాలముగా వాడుకలో లేదనియు, విరుద్ధాచారము స్థిరపడినదనియు అచ్చట వాదింపగలదా? ఆమెను ఠాణాకు తీసికొనిపోయి తెల్లవార్లు బల్లమీద కూర్చుండబెట్టుటకు కేసు వ్రాయనక్కరలేదు. అట్టి సెక్షనొకటి యున్నదట అను వినికిడి చాలును. కేసు వ్రాయలేదు గనుక లెక్కలలో ఆ చట్టము వాడబడనే లేదు. మీరు ఏ రిజిష్టరును చూడకపోవుట ఎవరును బాధపడలేదనుటకు సాక్ష్యము కానేరదు.

అంతియేగాదు. న్యాయస్థానము కొట్టివేసిన పిమ్మటనైనను ఆ అక్షరములు పుస్తకమున మిగిలియున్నచో ఏమగునో 66ఏ సెక్షను కథ చెప్పుచున్నది. సమాచార సాంకేతిక చట్టములోని ఆ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. ఆరేండ్లు గడచి 2021లో చూతురు గదా, పోలీసులు పలుచోట్ల ఆ సెక్షను క్రింద కేసులు వ్రాయుచునే యున్నారు! పుస్తకమున సెక్షను యథాతథముగ అచ్చై, కొట్టివేయబడినదను మాట అడుగున చిన్న అక్షరములలో ఉన్నదని కేంద్రప్రభుత్వపు అటార్నీ జనరలే న్యాయస్థానమునకు విన్నవించెను. పుట యడుగున చిన్న అక్షరములు చదువుటకు స్టేషను రైటరుకు తీరిక యెక్కడిది? కావుననే న్యాయమూర్తి కొట్టివేసినంత చాలదు, శాసనసభయే దానిని పుస్తకమునుండి తీసివేయవలెనని నా వాదము.

తహశీల్దారు: మీరు పోలీసు ఠాణా వైపునుండి చూచుచున్నారు, నేను తహశీలు కచేరీ వైపునుండి చూచుచున్నాను. అచ్చటి కష్టములు వేరు. హాస్యాస్పదమైన చట్టములను జాబితా వ్రాయువారెల్ల 1878 నాటి నిధినిక్షేపముల చట్టమును తప్పక పేర్కొందురు. నేలలో పదిరూపాయలకు మించిన వెలగల నిధి దొరికినచో కలెక్టరుకు తెలుపవలెనని అందులో నున్నది. తెలుపనివానికి ఏడాదివరకు కారాగారము. నేడు పదిరూపాయలకు టీ యైనను సరిగా రాదు గనుక నవ్వుదురు. కాని ఆ చట్టమును తుదివరకు చదివినవారెందరు? దొరికిన సొమ్మునకు పూర్వపు హక్కుదారెవడును లేడని తేలినప్పుడు, ఒడంబడిక వేరొకటి లేనియెడల, దొరకించుకొన్నవానికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి నాలుగవ వంతు చెందవలెనని ఆ చట్టమే విధించుచున్నది. ప్రభుత్వము ఆ వస్తువులను తీసికొనదలచినచో లోహపు విలువ కట్టి, దానిపై అయిదవ వంతు కలిపి యియ్యవలెను. పరుల పొలములో కూలికి గుంత త్రవ్వుచు కుండ బయటపెట్టిన పాలేరునకు నాలుగింట మూడు వంతులు రావలెనని వ్రాసిన చట్టమిది! ఆ పదిరూపాయల అంకెను దిద్దుడు, కాదనను. కాని అంకెను చూచి నవ్వి చట్టమును పారవేసినచో ఆ పాలేరునకు మిగులునదేమి?

వకీలు: ఆ వాటా ఎందరు పాలేర్లకు దక్కినదో మీకు తెలియును. కుండ బయటపడిన సంగతి పొక్కగనే మొదట వచ్చువాడు దొర, పిమ్మట పోలీసు. ఏడాది కారాగారమను సెక్షను మాత్రము అందరికిని కంఠస్థము, మూడు వంతుల సెక్షను ఎవరికిని తెలియదు.

తహశీల్దారు: తెలియజెప్పుట మన పని; దానిని చేయలేదని హక్కునే తీసివేయుదుమా? పోనిండు, ఇంతకంటె పెద్దమాట చెప్పెదను. మీరు 1329 ఫసలీ చట్టమును చూపితిరి. అదే నిజాము రాజ్యమున, అదే కచేరీలలో, 1356 ఫసలీలో మరియొక శాసనము పుట్టినది. 1940లో జోడేఘాటు కొండలలో కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల భూములు వారి చేతులనుండి ఎట్లు జారిపోవుచున్నవో హైమండార్ఫ్ పండితుడు పరిశీలించి ప్రభుత్వమునకు నివేదించెను; దాని ఫలితముగ వచ్చినది గిరిజన ప్రాంతముల రెగ్యులేషను. కోస్తా మన్యమున అంతకుమున్నే 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ భూముల బదలాయింపును అడ్డగించు చట్టము చేసియుండెను. ఆ శాసనముల వారసత్వమే 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషను. దానిని 1970లో బలపరచిన సవరణనే మన్యమున చదువురాని ముసలమ్మ కూడ వన్ ఆఫ్ సెవెంటీ యని పేరుపెట్టి పిలుచును. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదేయని ముందుగా తలంపవలెననియు, కాదని చూపుకొను భారము ఆ గిరిజనేతరునిదే యనియు ఆ రెగ్యులేషను చెప్పుచున్నది. 1997లో సమత వ్యాజ్యమున సుప్రీంకోర్టు మన్యపు భూములను గనుల కంపెనీలకు కౌలుకియ్యరాదని తీర్పు చెప్పినప్పుడు ఆధారమైనది ఈ రెగ్యులేషనే. నేడు కాలము చెల్లిన నిబంధనలు అభివృద్ధికి ఆటంకములని చెప్పువారు సిద్ధముచేయు జాబితాలలో మొదటి వరుసన ఏది నిలుచునో మీరు ఊహింపలేరా? హిజ్రాలను బాధించినదియు ఫసలీ చట్టమే, గోండులను కాచినదియు ఫసలీ చట్టమే. పాతదనము చూచి వేరుచేయుట కుదరదు.

(ఈ మాట వినినప్పుడు వకీలుగారు వెంటనే బదులు చెప్పలేదు. నాకు తోచినంతలో తహశీల్దారుగారి పక్షమున ఇంతకంటె బలమైన వాదము లేదు. జాబితాలు వ్రాయువారు చట్టము పుట్టిన సంవత్సరమును చూతురేగాని, దానిని నేటికిని నమ్ముకొని ఊరిలో కూర్చున్నవాడెవడని విచారింపరు.)

వకీలు: పాతదనము కొలబద్ద కాదనుట నాకును సమ్మతమే. నా కొలబద్ద యేమనగా: ఒక చట్టము మనిషి చేసిన పనిని శిక్షించునదా, లేక మనిషి పుట్టుకనే నేరముగా ఎంచునదా అని చూడవలెను. నేరస్థజాతుల చట్టము క్రింద ఎరుకలవారిని స్టూవర్టుపురము మొదలైన సెటిల్‌మెంటులలో నిర్బంధించి, పిల్లవాడు పుట్టినప్పుడే దొంగయని ముద్రవేసిరి. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను గాని, పలు రాష్ట్రములు అలవాటు నేరస్థుల చట్టములను పేరిట దానికి మారురూపములను తెచ్చుకొనినవి. అట్టివానిని, నాటకములను నిషేధించు అధికారమును ప్రభుత్వమునకు కట్టబెట్టిన 1876 నాటి చట్టమువంటివానిని, ఒక్కక్షణమైనను ఉంచరాదు. నాటకముల చట్టమును కేంద్రము రద్దుచేయనే చేసినది. ఇక భూమికి, కూలికి, నీటికి సంబంధించినవానిని మీరన్నట్లు నిదానముగ చదువవచ్చును.

తహశీల్దారు: ఈ విభాగము కొంత మేలే. నిదానముగ అనియు మీరే అంటిరి గనుక నిదానము తప్పినచో ఏమగునో మన కండ్లయెదుటనే జరిగినదానిని చెప్పెదను. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకముల చట్టము పాతబడినదని, అవినీతికి మూలమైనదని, 2020లో తెలంగాణలో దానిని తీసివేసి క్రొత్త చట్టము చేసిరి. భూముల రికార్డులకై ధరణి యను పోర్టలు తెరచిరి. పాతచట్టమున లోపములు లేవని నేననను. కచేరీ మెట్లమీద లంచమునకై పడిగాపులు కాచిన రైతులను నేనెరుగుదును. కాని క్రొత్తచట్టమున తహశీల్దారు పొరపడినచో ఆర్డీఓ యొద్దకు, ఆర్డీఓ పొరపడినచో ఆపైవాని యొద్దకు పోవు అప్పీలుదారి మూసుకొనిపోయెను. పహాణీలో వెనుక అనుభవదారు గడియుండెడిది. ఎవని పేరున పట్టాయున్నను దున్నుచున్నవాడెవడో అందులో ఏటేట వ్రాసెడివారము. ఆ గడి ధరణిలో లేకపోయెను. తెల్లకాగితముమీద సాదాబైనామా వ్రాయించుకొని తండ్రికాలమునుండి సేద్యము చేయుచున్న రైతు, కంప్యూటరు తెరమీద తన సర్వే నంబరు ప్రక్కన ఊరు విడిచిపోయిన పాతపట్టాదారు పేరు చూచి, మీ సేవా కేంద్రపు గుమ్మములో కూలబడుట నేను కన్నులార చూచితిని. ఎవరికి అర్జీ పెట్టుకొనవలెనని అతడడుగగా సివిలు కోర్టుకు పొమ్మని చెప్పవలసి వచ్చెను. రెండెకరముల రైతు సివిలు కోర్టులో ఎన్నాళ్లు నిలుచును? తుదకు 2025లో భూభారతి చట్టము తెచ్చి రెండంచెల అప్పీళ్లను మరల కల్పింపవలసి వచ్చినది. పాతచట్టమును ఊడ్చివేసినప్పుడు దానిలోని మంచిది కూడ ఊడ్చుకొనిపోవుననుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

వకీలు: అది పాతచట్టమును తీసివేయుటవలన వచ్చిన దోషము కాదు, క్రొత్తదానిని తొందరపడి వ్రాయుటవలన వచ్చినది. రైతు సంఘములను, గ్రామ రెవెన్యూ ఉద్యోగులను, మీవంటి తహశీల్దార్లను పిలిచి ముసాయిదా చూపినచో ఆ అప్పీలు మెట్టు పోయియుండెడిదా? మీరు చెప్పిన దుఃఖము నిజమే. దానినుండి తేలునది పాతదానిని అట్లే ఉంచుమని కాదు, చదివి తీయుమని.

తహశీల్దారు: చదువువారెవరు? అదియే నా చిక్కు. ఢిల్లీలో చదువువారికి చట్టములే కనబడును. కచేరీని నిజముగ నడుపునవి చట్టములు కావు, వాని క్రింది నిబంధనలు, జీఓలు, సర్క్యులర్లు. కోస్తా జిల్లాలలో నా తోటివారు బోర్డు స్టాండింగు ఆర్డర్లు అను గ్రంథమును కండ్లకద్దుకొని పనిచేసెడివారు. ఆ రెవెన్యూ బోర్డును 1977 నాటి చట్టముతో తీసివేసిరి. దాని ఆర్డర్లు మాత్రము బ్రతికియున్నవి. బంజరుభూమి పేదలకు పట్టాయిచ్చునప్పుడు నేటికిని బీఎస్ఓ 15 అని యుదాహరింతురు. ఇవి ఏ శాసనసభ మేజామీదికిని వచ్చినవి కావు. ఏ సంఘపు జాబితాలోను చేరినవి కావు. సామాన్యుని పీడించునదియు, అప్పుడప్పుడు కాపాడునదియు అచ్చటనే యున్నది.

వకీలు: ఇప్పుడు మీరు నా పక్షమునే వాదించుచున్నారు! చట్టములను మాత్రమే లెక్కపెట్టి తృప్తిపడుట చాలదు. 2023 నాటి జనవిశ్వాస్ చట్టము 42 చట్టములలోని 183 నిబంధనలను సవరించి, చిన్నచిన్న తప్పులకు విధించెడి కారాగారమును పలుచోట్ల తీసివేసినది. ఆ పద్ధతిని జిల్లాకచేరీలోని జీఓలవరకు కొనిపోవలెను. ప్రతి శాఖయు తాను నేటికిని అమలుజరుపు ఉత్తరువులన్నిటిని తెలుగున అచ్చువేసి గ్రామపంచాయతీలలో ఉంచవలెను. నియమితకాలములోగా అచ్చుకెక్కని ఉత్తరువు చెల్లరాదు. ఇక ముందు చేయు శిక్షాచట్టములకు పుట్టుకలోనే గడువు పెట్టవలెను.

తహశీల్దారు: గడువు పెట్టిన చట్టమును కూడ చూచితిమి గదా! ఉగ్రవాద నిరోధమునకై చేసిన టాడా చట్టము 1995లో గడువు తీరి పోయినను, దాని క్రింద పట్టుబడినవారి విచారణలు సంవత్సరముల తరబడి సాగినవి; పాతకేసులు నడుచునని ఆ చట్టమే వ్రాసికొని యుండెను.

వకీలు: అట్లయిన ఆ వెసులుబాటును కూడ తీసివేయుదము.

తహశీల్దారు: అచ్చువేయుటకు నేనొప్పుకొందును, ఎంతయు సంతోషముతో. అచ్చుకెక్కనిది చెల్లరాదనుటకు మాత్రము ఒప్పుకొనను. అచ్చువేయువాడు గుమాస్తా, గనుల కంపెనీకి అడ్డుగానున్న యేదో యొక ఉత్తరువును అచ్చువేయుట అతడు మరచినచో ఆ మరపు ఖరీదెంతయుండునో మీకు తెలియనిది కాదు. మన్యమునకు సంబంధించినంతవరకు రాజ్యాంగము అయిదవ షెడ్యూలున ఒక కట్టుదిట్టమున్నది: గిరిజన సలహామండలిని సంప్రదింపక గవర్నరు అచ్చట రెగ్యులేషను చేయరాదు. ఆ పద్ధతినే అన్ని రద్దులకును విస్తరింపుడు. ఏ చట్టమును తీయదలచినను, దానివలన బ్రతుకుచున్న జనులను పిలిచి, వారి భాషలో చదివి వినిపించి, వారి మాట వ్రాసికొనిన పిమ్మటనే తీయవలెను.

వకీలు: కాపాడు చట్టములకు అది సరియే. దండించు చట్టములకు ఆ నియమము పెట్టినచో మరల జాప్యమే. జైన్ సంఘము 1998లో చెప్పినదానిలో అధికభాగము 2014వరకు ఫైళ్లలోనే పడియుండెను. ఆ పదునారేండ్లలో సంప్రదింపులు జరుగుచున్నవనియే ప్రతివారును చెప్పుచుండిరి. 1329 ఫసలీ చట్టము చేసినప్పుడు హిజ్రాలను ఎవరు సంప్రదించిరి? చేయునప్పుడు అడుగనివారు తీయునప్పుడు మాత్రము అందరిని అడుగుదుమని కూర్చున్నచో, ఆ రోజులన్నియు శిక్ష అనుభవించువాడు ఒక్కడే.

తహశీల్దారు: దండించువానిని మీరు తీసికొనుడు, వెంటనే తీయుడు, అడ్డురాను. భూమి చట్టముల జాబితా మాత్రము మా కచేరీల యొద్దకు, రచ్చబండ యొద్దకు రానిండు. దానికి గడువు అడుగవద్దు.

వకీలు: గడువు అడిగియే తీరుదును, తహశీల్దారుగారూ. రెండేండ్లు, అంతకు మించిన ఒక్కదినమునకైనను నేనొప్పుకొనను.